బ్రిటిష్ మ్యూజియంలో లాకీషు గది: యెషయా 30, 31 అధ్యాయాలు చదివి వెళ్లండి

లండన్ బ్రిటిష్ మ్యూజియం కింది అంతస్తులో 10బి గది. ప్రవేశం ఉచితం. అష్షూరు (అస్సీరియా) రాజధాని నీనెవెలో రాజు సన్హెరీబు మందిరం నుంచి తెచ్చిన రాతి పలకలు ఇక్కడ గోడల పొడవునా ఉన్నాయి. క్రీ.పూ. 701లో యూదా రాజ్యంలోని లాకీషు కోటపట్టణాన్ని అష్షూరు సైన్యం పట్టుకున్న తీరు వాటిమీద చెక్కారు. అష్షూరుకు భయపడి ఐగుప్తు (ఈజిప్టు) సాయాన్ని నమ్ముకోవద్దని ప్రవక్త యెషయా యూదాను హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఏ ప్రమాదం గురించో కళ్లారా చూడాలంటే ఇంతకు మించిన చోటు దొరకదు. అయితే ఆ హెచ్చరిక పలకలమీద లేదు, బైబిల్లోనే ఉంది. చదవకుండా వెళితే కనిపించేది యుద్ధమే.

ఎడమ నుంచి కుడికి నడవండి. ముందు విలుకాండ్రు, వడిసెల విసిరేవాళ్లు. నడుమ కోట. మట్టికట్టల మీదుగా గోడ పగలగొట్టే యంత్రాలు ఎక్కుతుంటాయి, పైనుంచి కాగడాలు పడుతుంటాయి. యంత్రం అంటుకోకుండా ఒక సైనికుడు పొడవాటి గరిటెతో నీళ్లు పోస్తుంటాడు. చాలామంది చూడకుండానే దాటిపోయే వివరమిది. యెషయా 30:13లో ఉబ్బి పడబోయే గోడ పోలికను ఇక్కడ నిలబడి చదవాలి. కొరతవేసిన శవాలున్నాయి, పిల్లలతో వెళ్లేవాళ్లు చూసుకోండి.

కుడివైపు ఎడ్లబండ్ల మీద మూటలు, వాటిపైన ఆడవాళ్లూ పిల్లలూ. 30:6లో యూదా సంపద గాడిదల మీద, ఒంటెల మీద ఐగుప్తుకు పోతుంది. ఆ సొమ్ముతో కొనాలనుకున్న సాయాన్ని తర్వాతి వచనంలో తెలుగు బైబిలు 'గప్పాలమారి' అంటుంది, అంటే గొప్పలు చెప్పుకోవడమే తప్ప ఏమీ చేయనిదని. అంతకన్నా సరైన మాట తట్టదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. గోడలు కట్టడం, నీళ్లు కూడబెట్టడం తప్పని ప్రవక్త అనలేదు. 22:11 చూడండి: రెండు గోడల నడుమ చెరువు తవ్వారు గానీ దాన్ని ఏర్పరచినవాడి వైపు చూడలేదన్నదే ఫిర్యాదు. 31:1లోనూ అంతే: రథాలు చాలా ఉన్నాయని వాటిని నమ్ముకున్నారు, దేవుణ్ణి అడగలేదు. 30:15లోని ఊరకుండడం కూడా చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు. ఆ మాట కాదని గుర్రాలెక్కి పారిపోతామన్నారు వాళ్లు (30:16).

కుడివైపు చివరికి వస్తే సింహాసనం మీద రాజు, ఎదుట దోపుడు సొమ్ము, వెనక గుడారం. రాజు ముఖం చెక్కేసి ఉంది. 'నలిగిన రెల్లు' అని ఐగుప్తును వెక్కిరించిన రబ్షాకేను, అంటే అష్షూరు రాజు దూతను, యెరూషలేముకు పంపింది లాకీషు నుంచే (2 రాజులు 18:17-21). విచిత్రమేమిటంటే, ఐగుప్తు విషయంలో శత్రువు దూత, ప్రవక్త ఒకే మాట అన్నారు.

లోపమొకటి: ఈ కథలోని లెక్కలు ఈ గదిలో లేవు. వాటికోసం పై అంతస్తులో 55వ గదికి వెళ్లాలి. అక్కడ ఆరు ముఖాల మట్టి పట్టకం మీద సన్హెరీబు సొంత మాటలున్నాయి: 46 కోటలు పట్టాననీ, యూదా రాజు హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించాననీ. ఎల్తెకే దగ్గర ఐగుప్తు సైన్యాన్ని ఓడించానని కూడా. అంటే సాయం వచ్చింది, పనికిరాలేదు. యెరూషలేమును పట్టానని మాత్రం ఎక్కడా లేదు. హిజ్కియా కట్టిన కప్పం బంగారం 30 తలాంతులని (తలాంతు పాతకాలపు తూకం) 2 రాజులు 18:14, పట్టకం ఒకే మాట చెబుతాయి. వెండి దగ్గరే తేడా: బైబిల్లో 300, పట్టకం మీద 800.