ఓటీజీ నాబ్ మీద 180 అంటే లోపల 180 కాదు: చాన్నాళ్లు వాడాక నా మాట

ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) ఎన్ని లీటర్లు, వేడిచ్చే రాడ్లు ఎన్ని, ఫ్యాన్ ఉందా లేదా అనేవి డబ్బా మీదే ఉంటాయి, షాపు వాళ్లూ అవే చెప్తారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్క దాని గురించే, టెంపరేచర్ నాబ్. ఇంట్లో బేకింగ్ నేర్చుకుందామని మొదలుపెట్టిన వాళ్లను దీనంతగా నీరుగార్చేది ఇంకొకటి లేదని నా గట్టి అభిప్రాయం. రెసిపీలో 180 డిగ్రీలు అని ఉంటుంది, మనం నాబ్‌ను 180 దగ్గర పెడతాం, పది నిమిషాలు ప్రీహీట్ చేస్తాం (ఖాళీ ఓవెన్‌ను ముందే వేడెక్కిస్తాం), ఆ తర్వాత కేకు ఏమైపోయినా పిండి కలపడం మనకు చేతకాలేదనుకుంటాం. నిజానికి లోపల 180 ఉండదు.

మా ఇంట్లో ఇదెలా ఉండేదంటే, ఉదయం పెట్టిన కేకు పైన నల్లబడి, నడిమధ్య పగిలి, లోపల తడితడిగా ఉండేది. అవే కొలతలు, అదే టిన్ను, సాయంత్రం పెడితే పొంగేదే కాదు. మైదా మార్చి చూశాను, పెరుగు పులుపు తగ్గించి చూశాను. ఎక్కడా తేడా కనిపించలేదు.

మా అన్న కూతురి పుట్టినరోజు శనివారం పడింది. శనివారం మా ఇంట్లో గుడ్డు ముట్టరు, తిరుపతిలో చాలా ఇళ్లల్లో అంతే, కాబట్టి పెరుగు, వంటసోడా వేసి గుడ్డు లేని కేకు. ఏప్రిల్ నెల, సాయంత్రం ఆరు దాటింది. ప్రీహీట్ చేసి టిన్ను లోపల పెట్టాను, అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. అంచులు కొంచెం లేచాయి, నడుమ మాత్రం కదల్లేదు. గంట దాటినా పుల్ల గుచ్చితే పిండి అంటుకునే వస్తోంది. చివరికి బయటికి తీస్తే నడుమ గుంటపడి, కోస్తే అడుగున అంగుళం మందాన హల్వా లాంటి పచ్చి పొర. పాప "అత్తా, అంచుల దాకా బాగుంది" అని అంచులే తినేసింది. ఆ పిల్ల ముందు నాకు నిజంగా బాధేసింది.

అసలు సంగతి తెలిసింది ఆ తర్వాతి వారం. హాల్లో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందని పక్కవీధి ఎలక్ట్రీషియన్ అబ్బాయిని పిలిస్తే, ప్లగ్గులో మీటర్ పెట్టి చూశాడు. "అక్కా, 195 వస్తా ఉండాది. దీనికి ఓవెను యాడ కాలేది?" అన్నాడు. రావాల్సింది 230 ఓల్టులు. ఓల్టేజ్ అంత తగ్గితే వేడి కూడా అంతే తగ్గుతుందనుకుంటాం గానీ అలా కాదు, రాడ్ ఇచ్చే వేడి ఓల్టేజ్ వర్గాన్ని (ఓల్టేజ్‌ను దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పడిపోతుంది. లెక్క వేస్తే 1500 వాట్ల ఓవెన్ 1080 వాట్ల దగ్గరికి వచ్చేస్తుంది. సాయంత్రం, వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యే వేళ అది. పది నిమిషాల్లో కాలాల్సిన ఓవెన్ పావుగంట దాటినా కాలదు. ముందున్న లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. నా మోడల్లో ఆ లైటు టైమర్ నడుస్తోందని చెప్పేదే తప్ప వేడెక్కిందని చెప్పేది కాదు. ఈ ఒక్క ముక్క మాన్యువల్లో పెద్ద అక్షరాలతో రాసి ఉండాల్సింది.

పెరుగు, సోడా కలిసిన క్షణం నుంచే గ్యాస్ పుడుతుంది. ఓవెన్ అప్పటికే వేడిగా ఉంటే ఆ బుడగల చుట్టూ పిండి గట్టిపడి నిలుస్తుంది. చల్లగా ఉంటే గ్యాస్ అంతా పోయాక పిండి ఉడుకుతుంది, అప్పుడు గుంటపడక ఏం చేస్తుంది? బేకింగ్ పౌడర్‌లో కొంత భాగం వేడి తగిలాకే పనిచేస్తుంది కాబట్టి సాయంత్రం తప్పనిసరైతే నేను అది కూడా కలుపుతున్నాను.

తర్వాత ఓవెన్ థర్మామీటర్ తెప్పించాను. ఐదొందల లోపే దొరుకుతుంది, ముల్లున్న చిన్న గుండ్రటి డయల్, గ్రిల్ కడ్డీకి తగిలించేస్తే చాలు. మర్నాడు పొద్దున నాబ్ 180 దగ్గర పెట్టి చూస్తే ముల్లు 205 దాటింది. కాసేపటికి 185కి దిగింది, మళ్లీ ఎక్కింది. లోపల ఉండేది రెండు లోహాలు అతికించిన పట్టీ, వేడికి వంగి కరెంటు కట్ చేస్తుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది, కాబట్టి ఈ ఎక్కడం దిగడం మామూలే. మామూలు కానిది ఆ ఊగులాట మొత్తం పైకి జరిగి ఉండటం. అదే రోజు సాయంత్రం పది నిమిషాల ప్రీహీట్ తర్వాత ముల్లు 140 దగ్గరే ఉంది. అన్నాళ్లూ నన్ను తిప్పలు పెట్టినవన్నీ ఆ చిన్న డయల్ మీద కళ్లెదుట కనిపించాయి. నాకు ఏడుపొకటే తక్కువ, సంతోషంతోనే.

థర్మామీటర్ లేనివాళ్లకు ఒక పరీక్ష ఉంది. చక్కెర దాదాపు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫాయిల్ గిన్నెలో చెంచాడు చక్కెర వేసి, నాబ్ 175 మీద పావుగంట ఉంచితే కరగకూడదు, 190 మీద కరగాలి. నా ఓవెన్లో పొద్దున పూట 170 దగ్గరే అంచులు కరిగాయి.

ఇప్పుడు పొద్దున ఏడింటికే బేకింగ్, నాబ్ 155 దగ్గర, ముల్లు 175 చూపించాకే టిన్ను లోపలికి. రాగిపిండి, గోధుమపిండి సగం సగం, చిత్తూరు బెల్లం తురిమి వేసిన కేకు (రాగిలో గ్లూటెన్, అంటే పిండిని పట్టి ఉంచే జిగురు, ఉండదు, ఒట్టి రాగితో చేస్తే పొడిపొడిగా రాలిపోతుంది) పైన సమంగా, పగుళ్లు లేకుండా వస్తోంది. జూన్‌లో తోతాపురి గుజ్జుతో చేసింది ఇంకా బాగుంది, కాకపోతే గుజ్జును ముందు కాస్త దగ్గరగా ఉడికించాలి, లేకపోతే నీరెక్కువై కేకు బరువుగా ఉంటుంది.

కొన్న కొత్తలో బిస్కెట్లు చూసి తెలిసినవాళ్లందరికీ ఇదే ఓవెన్ కొనమని చెప్పాను. బిస్కెట్ల వరకు ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది. పలచగా ఉంటాయి కాబట్టి ఇరవై డిగ్రీలు అటూ ఇటూ అయినా తట్టుకుంటాయి, రంగు చూసి తీసేయొచ్చు. అది కూడా మే నెలలో కాదులెండి, ఇక్కడి ఎండకు వెన్న గిన్నెలోనే నూనెలా అయిపోతుంది, పిండిని అరగంట ఫ్రిజ్‌లో పెట్టకపోతే ట్రే మీద బిస్కెట్లన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కేకు, బ్రెడ్ సంగతికొస్తే థర్మామీటర్ లేకుండా ఈ ఓవెన్ కొనమని ఎవరికీ చెప్పను. చికెన్ కాల్చే చువ్వ గురించి నన్ను అడగొద్దు, ఇంతవరకు పెట్టెలోంచి తీయలేదు.

ఇదంతా మా ఇంటి లెక్క. మాది అద్దె ఇల్లు, వైరింగ్ పాతది, 16 ఆంప్స్ ప్లగ్గు వంటింట్లో ఒక్కటే ఉంది, వీధి చివర్లో ఉన్నాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్లో ఉన్నవాళ్లకు సాయంత్రాలు ఇంత ఇబ్బంది ఉండకపోవచ్చు. ఫ్రిజ్ స్టెబిలైజర్‌కు దీన్ని తగిలించాలని మాత్రం చూడొద్దు, అది ఇంత లోడ్ మోయదు. చిత్తూరులో ఉన్న మా చెల్లెలు తనకూ కొనమంటావా అని అడుగుతోంది. సాయంత్రం ఏడింటికి మీ ఇంట్లో ఎంత ఓల్టేజ్ ఉంటుందో కనుక్కుని చెప్పమన్నాను, ఇంకా చెప్పలేదు.