దుప్పుల మేతమడి: పాకాల అంచున కొన్నేళ్లు వాడిన విత్తనాలపై సమీక్ష

పాకాల అభయారణ్యానికి దగ్గరగా, ఖానాపురం మండలంలో ఉన్న మా చెల్కలో అడవివైపు అంచును కొన్నేళ్లుగా మక్కకూ పెసరకూ వాడకుండా దుప్పుల మేతకే వదిలేసి, ఏటా అందులో రకరకాల విత్తనాలు చల్లుతూ వస్తున్నాను. వాటిలో ఏది నేలపట్టుకుంది, దేనిని దుప్పులు నిజంగా మేశాయి, ఈ మడి వల్ల మిగతా చేనుకు ఒరిగిందేమిటి అన్నది ఇక్కడ రాస్తున్నాను. దుప్పులను రప్పించడానికి మేతమడి చక్కగా పనికివస్తుంది. పంటను కాపాడుతుందని నమ్మి వేసేవారికి మాత్రం సగం ఫలితమే దక్కుతుంది.

ఈ విషయంపై ఇంటర్నెట్‌లో దొరికే సమాచారం చాలామటుకు అమెరికా వేటగాళ్లు రాసుకున్నది. వారు తెల్లతోక జింకల కోసం క్లోవర్, ఓట్స్, టర్నిప్ వంటివి వేస్తారు. గట్టిగా మంచు పడ్డాక టర్నిప్ ఆకులో తీపి పెరిగి జింకలు దానికి ఎగబడతాయని చెబుతారు. మనకు అంత మంచూ లేదు, ఆ అవసరమూ లేదు, ఎందుకంటే మన దుప్పికి గడ్డుకాలం చలికాలం కాదు, ఎండాకాలం. వేట మాట అసలే ఎత్తకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, పైగా చుక్కల దుప్పి మన తెలంగాణ రాష్ట్ర జంతువు.

నేను వాడినవాటిలో పెసర జాతి మేత మొక్క అయిన పిల్లిపెసరకే మొదటి స్థానం ఇస్తాను. ఎకరానికి ఎనిమిది కిలోల లెక్కన, నేల బాగా తడిసిన తరువాత చల్లి పైపైన గుంటక తోలితే చాలు, ఇంకే సేవా అడగదు. నేలమీద పాకుతూ అల్లుకునే మొక్క కాబట్టి దుప్పులు కొసలు తెంపుకుని పోయినా కింది కణుపుల నుండి మళ్లీ చిగురిస్తుంది. అలసందను దుప్పులు ఇంతకన్నా ఇష్టంగా తింటాయి, అయితే దానికి చిక్కు కూడా అక్కడే ఉంది: మొలక దశలో పప్పుబద్దల కింద కొరికితే ఆ మొక్క ఇక లేవదు. అందుచేత అలసంద వేసిన చోట మొక్క జానెడు ఎత్తు పెరిగేదాకా కంపదడి తప్పనిసరి. దడి కట్టే ఓపిక లేనివారు ఆ విత్తనం జోలికి పోకపోవడమే మంచిది.

మడి మధ్యలో ఒక చిన్న చదరానికి నలువైపులా తుమ్మకంప నాటి, జంతువుల నోటికి అందకుండా ఉంచుతాను. దాని లోపల తీగ మోకాలి ఎత్తున అల్లుకుని ఉండి, బయట అంతా వేలెడు మోళ్లే మిగిలితే మేత బాగా సాగినట్టు; లోపలా బయటా ఒకే ఎత్తు ఉంటే ఆ విత్తనంపై పెట్టిన డబ్బు వృథా. తిన్నది ఎవరో కూడా మోడును చూస్తే తెలుస్తుంది. దుప్పికి పైదవడ ముందుపళ్లు ఉండవు కనుక అది కాడను లాగి తెంపుతుంది, కొస పీచుపీచుగా ఉంటుంది. కుందేలు కొరికిన కాడ కత్తితో కోసినట్టు ఏటవాలుగా, నున్నగా ఉంటుంది. మేకల మందకు కూడా పైపళ్లు ఉండవు కాబట్టి వాటి అనుమానం తీరాలంటే పక్కన గిట్టల జాడ, పెంటికలు చూసుకోవాలి.

విత్తనం ఏదైనా, కాలం తప్పితే అది దండగే. వానాకాలంలో అడవి అంతా పచ్చగా ఉన్నప్పుడు మన మడి కోసం దుప్పులు పనిగట్టుకుని రావు. గడ్డి ముదిరి ఎండిపోయే కార్తీకం తరువాతే దాని అవసరం మొదలవుతుంది. ఈ సంగతి గమనించాక మడిలో సగాన్ని జూన్‌లో విత్తకుండా ఆపి, ఉత్తర, హస్త కార్తెలలో మిగిలిన పదునుకు ఉలవలూ పిల్లిపెసరా కలిపి చల్లుతున్నాను. సంక్రాంతి వరకు పచ్చగా నిలిచేది ఆ భాగమే. ఉలవ తక్కువ తేమకు తట్టుకుంటుంది, ఎర్రచెల్కలో కూడా నిరాశపరచలేదు.

చాలాకాలం నిలవాలనుకునేవారికి స్టైలో హెమాటా అనే పశుగ్రాసపు కాయజాతి మొక్క ఉంది. దీని గింజపై పొర గట్టిది కాబట్టి, మరుగుకు రాని వేడినీటిలో, అంటే దాదాపు 80 డిగ్రీల వేడిలో, నాలుగైదు నిమిషాలు ఉంచి ఆరబెట్టి చల్లాలి. లేకపోతే సగం గింజలు మొలవవు. మొదటి ఏడు కలుపు మధ్య దీనిని వెతుక్కోవలసి వస్తుంది, వయ్యారిభామను చేతితో పీకి పారేయకపోతే అదే కమ్ముకుంటుంది. రెండో ఏటి నుండి రాలిన గింజతో తనంతట తానే మొలుస్తుంది. రుచిలో దుప్పులు దీనికి రెండో స్థానమే ఇచ్చాయి, కానీ ఖర్చు లేకుండా ఏటా వచ్చే మేత ఇదొక్కటే.

జొన్నను మాత్రం వేయవద్దు. లేత జొన్నలో, బెట్టకు గురైన జొన్నలో, కోసిన మోళ్ల నుండి వచ్చే పిలకలలో నాము అనే విషం ఉంటుంది. దానివల్ల పశువులు చనిపోవడం మన పల్లెలకు తెలిసిన సంగతే. దుప్పులు ఎగబడి మేసేవి ఆ లేత పిలకలనే. వేరుశనగ కూడా వద్దు, అది అడవిపందులకు పిలుపు.

చోటు విషయానికి వస్తే, చతురస్రంగా కాకుండా అడవి అంచు వెంట సన్నగా, పొడవుగా వేసిన మడిలోనే మేత ఎక్కువగా సాగింది. దుప్పి దాక్కునే చెట్లకు దూరంగా రావడానికి జంకుతుంది, అలాగని లంటానా పొద దట్టంగా ఉన్నచోట చిరుత పొంచి ఉంటుందన్న భయంతో ఆగుతుంది. పొదలు కొట్టించిన తరువాత ఆ మూల కూడా మేతకు వచ్చింది. దగ్గరలో కుంట ఉండడం అవసరం, ఎందుకంటే ఎండాకాలంలో చుక్కల దుప్పి రోజూ నీటికి వస్తుంది. మా కుంట ఎండే మార్చి, ఏప్రిల్ నెలలలో మడి వెలవెలబోతుంది. అప్పుడు దుప్పులన్నీ రాలిన ఇప్పపూల కోసం చెట్ల కిందే ఉంటాయి; ఆ పువ్వుతో పోటీపడే విత్తనం నాకు దొరకలేదు.

పంట సంగతికి వస్తే, దుప్పులు మడిలో ఆగడం వల్ల పెసర మొలకకు నష్టం తగ్గింది. పందులు మక్కకంకుల కోసం రావడం ఏమాత్రం తగ్గలేదు, వాటికి మడితో పనిలేదు. జింకలు చేరిన చోటికి చిరుత కూడా వస్తుంది, కాబట్టి పశువుల కొట్టం దగ్గర మడి వేయకూడదు. మడిలో ఉప్పు దిమ్మ పెట్టమని కొందరు సలహా ఇస్తారు; ఊరి పశువులూ దుప్పులూ ఒకే దిమ్మను నాకితే గాలికుంటు ఒకదాని నుండి మరొకదానికి సోకుతుంది, అందుకే నేను పెట్టను. అన్నిటికన్నా భయపడవలసింది వేట కోసం పరిచే కరెంటు తీగలకు. దుప్పులు క్రమం తప్పకుండా వచ్చే చోటును దొంగవేటగాళ్లు ఇట్టే పసిగడతారు. మడి వేసేముందే అటవీశాఖ బీట్ అధికారికి చెప్పి ఉంచాలి, సాయంత్రాలు ఒడ్ల వెంట తీగ ఏదైనా పరిచారేమో చూసుకోవాలి.

విత్తనం కొనేటప్పుడు సంచి విప్పి చూసి తీసుకోండి. ఒక దుకాణంలో తెచ్చిన పిల్లిపెసరలో జీలుగ గింజ బాగా కలిసి వచ్చింది. అది నిలువెత్తు పెరిగి తీగను నీడలో పడేసింది, దుప్పులు దాని ముదురు కాడలను వాసన చూసి వదిలేశాయి. అప్పటి నుండి తెలిసిన రైతుల దగ్గరే పిల్లిపెసర తీసుకుంటున్నాను. వచ్చే వానాకాలానికి పిల్లిపెసర, ఉలవ మళ్లీ కొంటాను, స్టైలో కొనవలసిన అవసరం లేదు, అలసంద మాత్రం దడి కంప దొరికితేనే.