ఇల్లు లేనోడికి అటెండర్‌ని ఎక్కడి నుంచి తేవాలి? (డీ అడిక్షన్ సెంటర్ రివ్యూ, 3/5)

మహబూబ్‌నగర్‌లో కల్లు, మందు మాన్పించే ఒక సెంటర్ గురించి ఇది, పేరు చెప్పను. నేను చేరలేదు, చేర్పించా. మా జిరాక్స్ షాపు అరుగు మీద పడుకునే పెద్దాయనది మక్తల్ వైపు ఊరు, పుణెలో ఏళ్ల తరబడి ఇసుక, కంకర మోసి తిరిగొస్తే ఇల్లూ లేదు, మనుషులూ లేరు. పొద్దున కల్లు సీసా పడకపోతే చేతులు వణికేవి. ఒకసారి రెండ్రోజులు కల్లు దుకాణం బంద్ పెడితే మా మెట్ల మీదే ఫిట్స్ వచ్చాయి.

ముందు మంచి చెప్తా. డాక్టరమ్మ అడిగిన మొదటి మాటే "పెద్దాయనా, చెట్టు కల్లా, దుకాణం కల్లా? రోజుకు ఎన్ని సీసాలు?" అని. ఈ ఒక్క ప్రశ్నకే రెండు స్టార్లు. దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారని మన జిల్లాలో తెలియనోళ్లు లేరు గానీ, దాన్ని ఒక్కసారే ఆపితే ఫిట్స్ వస్తాయని, మనిషి పిచ్చిపట్టినట్టు అవుతాడని, అందుకే ఆ జాతి మాత్రే ఇచ్చి రోజురోజుకీ డోసు తగ్గించుకుంటూ రావాలని ఎంతమందికి తెలుసు? 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క జనం హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వరస కట్టింది ఇందుకే. మనసుంటే మానొచ్చు అని ఇంకా అనేవాళ్లు ఒక రాత్రి ఆ వార్డులో కూర్చోవాలి.

ఇక తిప్పలు. ఆధార్, ఫోన్ నంబర్, పక్కన తోడుండే ఒక అటెండర్ కావాలన్నారు. "ఎవరూ లేరు మేడం" అంటే, "మరి నువ్వెవరు?" "అరుగు ఓనర్ని." సంబంధం అన్నచోట చివరికి 'కొడుకు వరస' అని రాయించుకున్నారు. రాత్రుళ్లు నేనొకరోజు, టీ బండి అన్న ఒకరోజు పడుకున్నాం.

మూడు వారాలకి డిశ్చార్జ్. "ఇంటి దగ్గర రెస్టు తీసుకో, కల్లు దుకాణం వైపు పోకు" అన్నారు. ఇల్లంటే మా అరుగే, దుకాణానికి రెండు నిమిషాల నడక! పట్టణాల్లో ఇల్లు లేనోళ్లకి లక్ష జనాభాకి కనీసం వంద మంది పట్టేలా ఆశ్రయం ఉండాలని కేంద్రం పథకంలోనే రాశారు, సెంటర్‌వాళ్లు కనీసం దానికి ఒక చీటీ రాసివ్వొచ్చు కదా, రాయలేదు. మూడోరాత్రి మాత్రల కవర్ ఎవరో ఎత్తుకుపోయారు, అప్పటి నుంచి స్ట్రిప్పులు మా సొరుగులోనే. కౌన్సెలింగ్ ఫోన్ కూడా నాకే వస్తది, "ఎలా ఉన్నారు?" అంటే "నేను బాగున్నా, ఆయన టీకి పోయిండు" అని చెప్తున్నా.

మధ్యలో ఒకసారి తాగాడు. తీసుకెళ్తే తిట్టకుండా మళ్లీ చూశారు, మూడో స్టార్ దానికి.

ఎవరినైనా తీసుకెళ్లేముందు మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసి అడగండి, పైసలు పడవు. సీసాల లెక్క తగ్గించి చెప్పకండి, డోసు దాన్నిబట్టే ఇస్తారు. లుంగీ, దుప్పటి మీరే పట్టుకెళ్లాలి, అక్కడ ఇవ్వరు.