గాదె ఒకచోట, గడప ఒకచోట: డీస్పేస్ 7తో మా రెండేళ్లు

మా కాలేజీ డిజిటల్ లైబ్రరీ మొదటి పేజీలో ‘కమ్యూనిటీస్’ అని ఉండేది. సైన్సు విభాగం, ఆర్ట్స్ విభాగం అని చెప్పడానికి, మా లైబ్రరీని నడిపే డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్ వాడే మాట అది. మన ఊళ్లో కమ్యూనిటీ అంటే కులం. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని నొక్కడానికే వెనకాడేవాళ్లు. ఆ మాట తీసేసి ‘విభాగాలు’ అని పెట్టమని నేను అడిగింది 2017లో. పెట్టగలిగింది 2023లో. ఒక్క మాట మారడానికి ఆరేళ్లు ఎందుకు పట్టిందో చెబితే, డీస్పేస్‌ను పునాది నుంచి ఎందుకు తిరగరాశారో సగం చెప్పినట్టే.

తిరుపతిలో ఒక డిగ్రీ, పీజీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. పీజీ ప్రాజెక్టు రిపోర్టులు, థీసిస్‌లు, 1970ల నుంచి వచ్చిన కాలేజీ మ్యాగజైన్ల స్కాన్లు, పాత ప్రశ్నపత్రాలు, తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మా విద్యార్థులు తీసిన ఫొటోలు, అన్నీ కలిపి ఆరు వేల పైచిలుకు మా డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. చూసుకునేది నేను, ఒక టెక్నికల్ అసిస్టెంట్. ఇద్దరమే. మాలాంటి కాలేజీల వాళ్లు పాత డీస్పేస్ నుంచి మారాలా వద్దా అని ఫోన్లు చేసి అడుగుతున్నారు కాబట్టి, మా అనుభవం పూర్తిగా రాస్తున్నాను.

డీస్పేస్‌ను ఎమ్ఐటీ లైబ్రరీలు, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి 2002లో విడుదల చేశాయి. ఉచితం, సోర్స్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు. మన పీహెచ్‌డీలు ఎక్కే శోధ్‌గంగ కూడా దీని మీదే నడుస్తోంది. మొదటి నుంచీ దీనికి ఉన్న చిక్కు ఏమిటంటే, సరుకు దాచే పనీ, సరుకు చూపించే పనీ ఒకే ప్రోగ్రాములో కలిసిపోయాయి. గాదె గోడే గడప గోడ అన్నమాట. గుమ్మానికి రంగు వేయాలన్నా గాదె తలుపు తీయాల్సిందే. పైగా 2008లో 1.5 వెర్షన్‌తో రెండో ముఖం, అంటే చూసేవాళ్లకు కనిపించే పేజీల రూపం, వచ్చింది. మొదటిది జేఎస్‌పీయూఐ, రెండోది ఎక్స్ఎమ్ఎల్‌యూఐ. ఆ తర్వాత కొత్త సదుపాయం ఏది రాసినా రెండుసార్లు రాయాలి. లేదంటే ఒకదానిలో ఉంటుంది, ఇంకోదానిలో ఉండదు. నిర్మాణాన్నే మార్చాలన్న చర్చ 2006-07లోనే జరిగింది. కానీ నిజంగా విడదీసి, రెండు ముఖాల బదులు ఒకటే ఉంచి, 7.0 అని విడుదల చేసింది 2021 ఆగస్టులో. 6.0 వచ్చింది 2016 అక్టోబరులో. నడుమ దాదాపు ఐదేళ్లు. అంత ఆలస్యం చూసి విసుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను. లోపల ఎంత పని జరిగిందో వాడాక తెలిసింది.

మాది 6వ వెర్షన్, జేఎస్‌పీయూఐ. అందులో ‘విభాగాలు’ అని రాయాలంటే తెలుగు అక్షరాన్ని అక్షరంగా రాయకూడదు. ఒక్కో అక్షరానికీ గుణింతానికీ దాని సంకేత సంఖ్య రాయాలి. రాశాక ప్రోగ్రాము మొత్తం మళ్లీ బిల్డ్ చేయాలి, అంటే కోడ్ నుంచి కొత్తగా తయారుచేయాలి. దాన్ని నడిపే టామ్‌క్యాట్ అనే సర్వర్ ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. మాకు ఇంకో భయం కూడా ఉండేది. అంతకు ముందు పెట్టిచ్చినవాళ్లు కొన్ని పేజీలను నేరుగా సర్వర్లోనే మార్చేసి వెళ్లారు, ఎక్కడా రాసిపెట్టలేదు. మళ్లీ బిల్డ్ చేస్తే అవన్నీ చెరిగిపోతాయి. అందుకే ఎవరం చెయ్యి పెట్టలేదు. 6వ వెర్షన్‌కు మద్దతు 2023 జూలైతో ఆగిపోతుందని తెలిశాక, వేసవి సెలవుల్లో ఇక తప్పదని కూర్చున్నాం.

7లో ఏం చేశారంటే, గాదెను ఒక ప్రోగ్రాముగా, గడపను ఇంకో ప్రోగ్రాముగా విడదీశారు. వెనక ఉన్నది జావాలోనే ఉంది. డేటాబేసు, ఫైళ్లు, ఎవరు ఏది చూడొచ్చన్న అనుమతులు, అన్నీ దాని చేతిలో. ముందున్నది వెబ్ పేజీలు తయారుచేసే యాంగ్యులర్‌లో రాసింది. దాని దగ్గర సరుకేమీ ఉండదు. ఏది కావాలన్నా రెస్ట్ ఏపీఐ అనే అడిగే పద్ధతి ద్వారా వెనకవాణ్ణి అడగాలి, ఇచ్చింది చూపించాలి. ఆ అడిగే పద్ధతిని బయటకు రాతపూర్వకంగా పెట్టారు కాబట్టి, ముందున్న ముఖం ఏ దారిన అడుగుతుందో మనమూ అదే దారిన అడగొచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ టీం రావడానికి పది రోజుల ముందు, ఏ విభాగం నుంచి ఏ ఏడాది ఎన్ని థీసిస్‌లు వచ్చాయో పట్టిక అడిగారు. పాత రోజుల్లో అయితే ఒక్కో విభాగం పేజీ తెరిచి లెక్కపెట్టుకుంటూ రాత్రి దాకా కూర్చునేదాన్ని. టెన్షన్‌తో నిద్ర కూడా పట్టేది కాదు. ఈసారి మా అసిస్టెంట్ పైథాన్‌లో ముప్పై వరసలు రాశాడు. టీ తాగి వచ్చేలోపు పట్టిక ఎక్సెల్‌లో ఉంది. కాలేజీ వెబ్‌సైట్‌లో కొత్తగా చేరిన థీసిస్‌ల పేర్లు వాటంతట అవే కనిపించేది కూడా ఈ ఏర్పాటు వల్లే.

తెలుగు సంగతి. ముఖం మీద కనిపించే మాటలన్నీ ఇప్పుడు ఒకే ఫైల్లో, తెలుగును తెలుగుగానే రాసుకునేలా ఉన్నాయి. ఇంగ్లీషు ఫైలుకు నకలు తీసి, సాయంత్రాలు కూర్చుని ఒక్కో మాట మార్చుకుంటూ వచ్చాం. ఎక్కించిన ఫైలుకు డీస్పేస్ వాడే ‘బిట్‌స్ట్రీమ్’ అనే మాటను తెలుగు శాఖ మేడమ్ ‘దస్త్రం’ అన్నారు, నేను ‘ఫైలు’ అన్నాను. పిల్లలు అనేది ఫైలే కాబట్టి అదే ఉంచాం. ‘ఎంబార్గో’కు మాట దొరకలేదు. ‘ఫలానా తేదీ వరకు తెరవబడదు’ అని వాక్యమే రాశాం. ‘విభాగాలు’ అని మొదటి పేజీలో కనిపించిన రోజు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

థీసిస్ ఎక్కించే పద్ధతి కూడా బాగుపడింది. ముందు ఆరేడు పేజీలు ఒకదాని తర్వాత ఒకటి నింపాలి. ఇప్పుడంతా ఒకే పేజీ. పీడీఎఫ్‌ను లాగి వదిలితే చాలు. పేర్ల విషయంలో ఇంకా పెద్ద మేలు ఉంది. మా జిల్లాలో మునిరత్నాలు ఎంతమందో చెప్పలేం. ఒకే మనిషి ఒక థీసిస్‌లో ‘ఎమ్. మునిరత్నం నాయుడు’, ఇంకోదానిలో ‘మునిరత్నం నాయుడు ఎమ్.’ పాత వెర్షన్‌లో ఇద్దరు మనుషులైపోయేవారు. 7లో ‘ఎంటిటీ’లని పెట్టారు. మనిషికి ఒక పేజీ చేసి, ఆయన రాసినవన్నీ దానికి ముడివేసి, పేరు ఏ రాతలో ఉన్నా ఒకరి కిందికే తేవచ్చు. ఇది తప్పనిసరి కాదు, కావాలనుకుంటేనే. మేము అధ్యాపకుల వరకే చేశాం.

ఇక కష్టాలు. ఇవి దాచిపెడితే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను.

ముందు డేటాబేసు చూసుకునే పోస్ట్‌గ్రెస్ నడిచి, టామ్‌క్యాట్ నడిస్తే లైబ్రరీ నడిచేది. వెతుకులాట చూసుకునే సోలర్ కూడా టామ్‌క్యాట్‌లోనే కూర్చునేది. ఇప్పుడు పోస్ట్‌గ్రెస్, సోలర్, టామ్‌క్యాట్, ముఖాన్ని సర్వర్లో నడిపే నోడ్, నాలుగూ వేర్వేరు. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, నాలుగూ సరైన వరసలో లేవాలి. మొదటి నెల రోజులు పొద్దున్నే వచ్చి చేత్తో లేపేవాళ్లం. తర్వాత వాటంతట అవే లేచేలా పెట్టుకున్నాం. నోడ్ అవసరం ఏముందని మా ప్రిన్సిపాల్ గారు అడిగారు. పేజీని సర్వర్లోనే తయారుచేసి పంపకపోతే, గూగుల్ స్కాలర్ లాంటివి వచ్చి చూసినప్పుడు వాటికి ఖాళీ పేజీ కనిపించే ప్రమాదం ఉంది. థీసిస్ పెట్టేదే నలుగురికీ దొరకాలని కదా. అందుకు నోడ్ ఉండాల్సిందే.

మెమరీ మాత్రం గట్టిగా కావాలి. మా పాత 8 జీబీ మిషన్‌లో ముఖాన్ని బిల్డ్ చేయబోతే నడుమలో ఆగిపోయింది. ల్యాబ్‌లో 16 జీబీ కంప్యూటర్ మీద బిల్డ్ చేసి, తయారైన ఫోల్డరును సర్వర్‌కు కాపీ చేశాం. ఇది తెలియక మేము నాలుగు రోజులు పోగొట్టుకున్నాం, మీరు పోగొట్టుకోకండి.

అంతకన్నా ఇబ్బంది పెట్టింది చిరునామాల సంగతి. అంతా పెట్టేశాక, “మేడమ్, సర్వర్‌లో అయితే వస్తా ఉంది, రీడింగ్ హాల్లో రాలేదు” అన్నాడు అసిస్టెంట్. పేజీ తెరిస్తే చక్రం తిరుగుతూ ఉండేది, అంతే. ఇద్దరం రెండు రోజులు లాగులు, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలు, చదివాం. గాదె, గడప వేరయ్యాయి కాబట్టి, ఒకదాని చిరునామా ఇంకోదానికి అక్షరం పొల్లు పోకుండా తెలియాలి. మేము ఒకచోట సర్వర్ సొంత పేరు, ఇంకోచోట బయటి పేరు రాశాం. రెండుచోట్లా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే ఒకే పేరు పెట్టాక లాగిన్ కూడా పడింది.

ఈ కొత్త నిర్మాణం బాగుచేయలేనిది ఒకటుంది. 1990ల నుంచి మా మ్యాగజైన్లు డీటీపీలో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో తయారయ్యాయి. పీడీఎఫ్ చూడటానికి తెలుగే, కానీ డీస్పేస్ అందులోంచి అక్షరాలు తీస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. వెతికితే దొరకవు. అందుకే ప్రతిదానికీ పేరు, సారాంశం యూనికోడ్‌లో మేమే టైపు చేస్తున్నాం. తెలుగులో వెతికేటప్పుడు మాట చివర నక్షత్రం గుర్తు పెట్టమని పిల్లలకు బోర్డు మీద రాశాం. ‘తిరుపతి’ అని కొడితే ‘తిరుపతిలో’ రాదు, నక్షత్రం పెడితే వస్తుంది. ఇంకొకటి, మా పిల్లలు వేరుశనగ అని వెతకరు, చెనిక్కాయ అని వెతుకుతారు. కీవర్డుల్లో రెండూ రాస్తున్నాం. ఇది ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు, లైబ్రేరియన్ కూర్చుని చేయాల్సిందే.

ఐదుకు నాలుగు ఇస్తాను. లైనక్స్ తెలిసిన మనిషి ఒక్కరైనా లేని కాలేజీ దీని జోలికి వెంటనే వెళ్లొద్దు. ముందు వాళ్ల డెమో సైటులో చేయి తిప్పి చూడండి, తర్వాత, అన్నీ కలిపి ఒక మూటగా నడిపే డాకర్‌తో ఒక మామూలు కంప్యూటర్ మీద పెట్టి చూడండి. పాతదాన్ని ఆపకుండా పక్కన కొత్తది నిలబెట్టాకే మార్చండి. పాతదాంట్లో ఉన్నవన్నీ 7.0లోనే రాలేదు, 7.6 వరకు కొద్దికొద్దిగా చేరాయి. అందుకని మొదటి విడుదలలు చూసి వెనక్కి తగ్గినవాళ్లు మళ్లీ ఒకసారి చూడాలి. ఇప్పటికి 9 కూడా వచ్చింది, మేము వచ్చే వేసవిలో వెళ్తాం.

మార్చిన రాత్రి నాకున్న భయం ఒక్కటే, పాత లింకులు. మా థీసిస్‌ల చిరునామాలు పదేళ్లుగా ఎన్నో ఉపయుక్త గ్రంథసూచికల్లో అచ్చయి ఉన్నాయి. ముఖం మొత్తం మారినా, ప్రతి థీసిస్‌కూ శాశ్వతంగా ఉండే హ్యాండిల్ నంబర్లు మారలేదు. చిరునామా నడుమ ఉన్న ‘జేఎస్‌పీయూఐ’ అన్న ముక్కను దాటించడానికి వెబ్ సర్వర్ అపాచీలో ఒక వరస రాయాల్సి వచ్చింది. అల్మరాలోంచి 2014 నాటి థీసిస్ ఒకటి తీసి, చివరి పేజీలో అచ్చయిన లింకును చూసి ఒక్కో అక్షరం కొట్టాను. శ్రీకాళహస్తి కలంకారీ మీద రాసిన ప్రాజెక్టు రిపోర్టు తెరుచుకుంది. అప్పటికి రాత్రి పదకొండు దాటింది. పాత సర్వర్‌ను ఆపమని అసిస్టెంట్‌కు చెప్పాను.