కార్బ్ క్లీనర్ స్ప్రే నాలుగేళ్ళు వాడాక, స్ప్లెండర్ మీద నా అనుభవం

మా నాన్న 2007లో కొన్న స్ప్లెండర్ ప్లస్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. తెనాలిలో ఇంటి ముందే ఉంటుంది, వారానికోసారి తీస్తే ఎక్కువ. అలా నిలబెట్టేస్తే కార్బొరేటర్‌లో (ఇంజిన్‌కి పెట్రోల్, గాలి కలిపి పంపే భాగం) పెట్రోల్ ఆవిరైపోయి అడుగున జిగురు మిగులుతుంది, ఇక చోక్ వేస్తే స్టార్ట్ అవుద్ది, చోక్ తీయగానే ఆగిపోద్ది. నా బండికి ఇలా వచ్చిన ప్రతిసారీ దోషం స్లో జెట్‌లోనే, అంటే యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజిన్‌కి పెట్రోల్ అందించే సన్నటి గొట్టంలోనే. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది తేమ లాగేస్తుంది కాబట్టి నిలబడే బండికి ఇంకా ఇబ్బంది.

ఆ జిగురు కరిగించడానికి కొట్టేదే ఈ కార్బ్ క్లీనర్ స్ప్రే, నాలుగేళ్ళలో మూడు డబ్బాలు అయిపోయాయి. మొదటి డబ్బా మొత్తం వేస్ట్ చేశా, ఎందుకంటే కార్బొరేటర్ విప్పకుండా ఎయిర్ ఫిల్టర్ పైపు తీసి అందులోంచి కొట్టా, రెండ్రోజులు బాగుంది, మళ్ళీ మామూలే. బయటినుంచి కొడితే పైన మసి పోతుంది తప్ప జెట్ లోపల గట్టిపడింది కదలదు. విప్పాల్సిందే, స్ప్రే పని ఆ తర్వాతే మొదలవుద్ది.

మొదటిసారి స్లో జెట్ తీసి కిటికీ వెలుతురుకి పెట్టి చూశా. ఇత్తడిది, అగ్గిపుల్ల కంటే కాస్త లావు, మధ్యలో సూదిమొన అంత రంధ్రం ఉండాలి కదా, అసలు వెలుతురే కనపడలేదు, పచ్చగా పట్టేసి ఉంది. స్ప్రే కొట్టి పావుగంట నానబెట్టి, పాత వైరులోంచి లాగిన సన్నటి రాగి పోగు ఒక్కటి దూర్చి, మళ్ళీ స్ప్రే కొట్టా. గుండ్రంగా చుక్క వెలుతురు కనపడ్డాక ఎంత సంతోషమో చెప్పలేను. ఇనప తీగ, గుండుసూది మాత్రం వద్దు, రంధ్రం పెద్దదైతే బండి పెట్రోల్ ఎక్కువ తాగుద్ది, ఆ జెట్ ఇక మార్చాల్సిందే.

స్ప్రే నిజంగా డబ్బుకి తగిన పని చేసేది కార్బొరేటర్ బాడీ లోపలి సన్నటి దారుల్లో. ఎయిర్ స్క్రూ (గాలి ఎంత కలవాలో సరిచేసే మర) తీసేసి ఆ రంధ్రంలో డబ్బాతో వచ్చే ఎర్ర గొట్టం పెట్టి కొడితే అవతల ఇంజిన్ వైపు ఉన్న చిన్న రంధ్రంలోంచి సన్నటి ధార రావాలి, వచ్చిందంటే దారి క్లియర్. మొహం దూరంగా పెట్టుకోండి, కళ్ళజోడు తప్పనిసరి, నాకోసారి ఎదురుచిమ్మి కన్ను గంటసేపు మండింది. ఆ స్క్రూ తీసేముందు పూర్తిగా లోపలికి బిగిస్తూ ఎన్ని తిప్పులో లెక్కపెట్టి రాసుకోండి, తిరిగి పెట్టేటప్పుడు అన్నే తిప్పులు వదులు చేయాలి, చివర్లో గట్టిగా బిగించొద్దు, మొన పాడవుద్ది.

ఫ్లోట్ గిన్నెకి (కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె), మెయిన్ జెట్‌కి (యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు పెట్రోల్ అందించే జెట్) స్ప్రే దండగ, స్టీలు గిన్నెలో పెట్రోల్ పోసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. డాబా మీద చేసుకోండి, పొయ్యి గానీ దీపం గానీ దరిదాపుల్లో ఉండకూడదు.

ఈ స్ప్రేతో నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు రబ్బరు గురించి. రెండోసారి ఫ్లోట్ గిన్నె ఓ-రింగ్ (పెట్రోల్ కారకుండా ఉండే గుండ్రటి రబ్బరు) తీయకుండానే కొట్టా, ఉబ్బిపోయి గాడిలో కూర్చోలేదు, తొందరలో నొక్కి బిగించేశా. పొద్దున లేచేసరికి వాకిలంతా పెట్రోల్ వాసన, బండి కింద మరక. విప్పి ఆరబెడితే మర్నాటికి కాస్త కుంచించుకుంది గానీ నమ్మకం లేక కొత్తది వేశా. రబ్బర్లన్నీ ముందే తీసి పక్కన పెట్టండి.

వెనిగర్ కూడా ఒకసారి ప్రయత్నించా, అల్యూమినియం మీద తెల్లటి మచ్చలు పడ్డాయి, మళ్ళీ ముట్టుకోలేదు. స్ప్రే తర్వాత పంక్చర్ షాపులో గాలి కొట్టించుకుంటే మాత్రం ఇంకా మంచిది, మా వీధి చివర అన్న డబ్బులు కూడా తీసుకోడు.

నాలుగో డబ్బా కూడా కొంటా. ఈమధ్య ఇంకో అలవాటు చేసుకున్నా, పది రోజులు బండి తీయను అనుకుంటే పెట్రోల్ కాక్ కట్టేసి గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి సీసాలో పట్టేస్తా. అలా మొదలెట్టాక ఏడాదిపైనే అయింది, కార్బొరేటర్ ఇంకా విప్పలేదు.