చక్రాల కుర్చీతో పిల్లలమర్రి నుంచి ఫరహాబాద్ దాకా

మోకాళ్లు అరిగిపోయి మూడేళ్లుగా చక్రాల కుర్చీలోనే ఉంటున్న మా అమ్మ, ఒక్కసారి నల్లమల చూడాలని ఉందని అడిగింది. జనవరిలో ఆమెను, కూలి పనులకు వెళ్లే పక్కింటి వదినను, వదిన పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని మహబూబ్‌నగర్ నుంచి రెండు రోజుల యాత్రకు బయలుదేరాను. మాలో ఎవరికీ కారు లేదు. అందుకే ఏ చోటు ఎంత బాగుందన్నదానికన్నా, మాలాంటివాళ్లం అక్కడికి చేరగలమా అన్నదే దారి పొడవునా గమనిస్తూ వచ్చాను.

పిల్లలమర్రి పట్టణానికి దగ్గరే, ఆటోలో వెళ్లవచ్చు. సుమారు 700 ఏళ్లదని చెప్పుకునే ఈ మర్రి మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017లో పెద్ద కొమ్మ విరిగిపడిన తరువాత సందర్శకులను ఆపారు. చెదలు పట్టిన చెట్టును బతికించడానికి 2018లో సెలైన్ పద్ధతిలో బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు. ఇప్పుడు దాన్ని దూరం నుంచే చూడాలి. చిన్నప్పుడు ఆ ఊడల మధ్య సద్ది విప్పుకుని తిన్న అమ్మకు ఇది వెలితిగానే తోచింది. అయినా ఈ ఆంక్ష న్యాయమైనదేనని నా అభిప్రాయం, ఎందుకంటే అది ధనిక, పేద తేడా లేకుండా అందరికీ ఒకటే.

అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులో అచ్చంపేట, మరో బస్సులో మన్ననూరు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం వల్ల మా ముగ్గురు ఆడవాళ్లకూ జీరో టికెట్లే వచ్చాయి. ఛార్జీ పెట్టుకోవాల్సి వస్తే నేను వచ్చేదాన్నే కాదని వదిన అన్నది. అయితే బస్సు మెట్లు ఎత్తుగా ఉండడంతో ఇద్దరం పట్టుకుంటే గాని అమ్మ ఎక్కలేకపోయింది.

రాత్రి దారిలో దిగిన లాడ్జిలోనే ఎక్కువ ఇబ్బంది పడ్డాం. కింది అంతస్తు గది కావాలని ఫోన్‌లో అడిగితే సరేనన్నారు, ఇచ్చారు కూడా. కానీ స్నానాల గది గడప జానెడు ఎత్తు, తలుపు ఇరుకు. కుర్చీ లోపలికి పోలేదు. అమ్మను నేను, వదిన చేతుల మీద మోశాం. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, కానీ ఆ గడప మాత్రం అలాగే ఉంది.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. తెల్లవారి సఫారీకి వెళ్లినప్పుడు రుసుము బండి మొత్తానికి కట్టాల్సి వచ్చింది. నలుగురైదుగురు ఉద్యోగులకు అది పెద్ద లెక్క కాదు, వదినకైతే వారం కూలి. ఒంటరిగా బస్సు దిగేవారి కోసం సీటు లెక్కన టికెట్ ఇస్తే ఆర్టీసీ ఉచిత ప్రయాణం అడవి లోపలి వరకూ సాగుతుంది. జీపు ఎత్తుగా ఉండడం చూసి గైడుగా వచ్చిన చెంచు యువకుడు పక్కనున్న మొద్దు తెచ్చి నేల మీద కదలకుండా ఆనించాడు. “ఎడమ కాలు ముందు పెట్టు పెద్దమ్మా, నేను పట్టుకుంటా” అన్నాడు. ఫరహాబాద్ వ్యూ పాయింట్ వద్ద జీపు అంచు దగ్గరి దాకా వెళ్లింది కాబట్టి, లోయలో మంచు విడిపోవడాన్ని అమ్మ కూర్చున్నచోటి నుంచే చూసింది. సుమారు 350 మెట్లు దిగాల్సిన మల్లెల తీర్థం జలపాతం మాత్రం మానుకున్నాం.

ఆ యువకుడితో మాట్లాడుతున్నప్పుడు మా ఇబ్బందులు చిన్నవిగా అనిపించాయి. తేనె, గడ్డలు సేకరించుకుంటూ తరతరాలుగా ఈ అడవిలోనే బతికిన చెంచులకు 2006 అటవీ హక్కుల చట్టం ఆవాస హక్కును కూడా గుర్తించింది. అయినా అభయారణ్యం కోర్ (నడిమి) ప్రాంతంలోని పెంటలను, అంటే చెంచుల గూడేలను, బయటికి తరలించే మాట నడుస్తూనే ఉంది. టికెట్ కొన్న మేము దర్జాగా లోపలికి వెళ్లి వస్తుంటే, ఇక్కడే పుట్టినవాళ్లు బయటికి వెళ్లాల్సి రావడం నాకు మింగుడుపడలేదు. పర్యాటకుల రుసుములో పెంటలకు ఎంత చేరుతుందో టికెట్ మీదే ముద్రించాలని కోరుకుంటున్నాను.

జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు శ్రీశైలం దారి మూసివేస్తారు. బస్సులో వెళ్లేవారు తిరుగు ప్రయాణం ముందే చూసుకోవాలి. కుర్చీతో వెళ్లేవారు లాడ్జివాళ్లను స్నానాల గది తలుపు వెడల్పు అంగుళాల్లో అడగండి. మా కుర్చీ 26 అంగుళాలు.