ఫిష్ హౌస్ బ్యాటరీలకి ట్రక్కు నుంచి చార్జింగ్: ఏ దారి మేలు?

నవంబర్ చివరికొచ్చేసరికి మిన్నెసోటాలో ఉన్న మనవాళ్ల దగ్గర్నుంచి నాకు ఒకే ప్రశ్న నాలుగైదు రకాలుగా వస్తుంది. "అన్నా, ఈ ఏడు వీల్ హౌస్ కొన్నాం. లేక్ దాకా ట్రక్కే కదా లాక్కెళ్లేది, దారిలో బ్యాటరీలు వాటంతటవే నిండుతాయా? వేరే చార్జర్ ఏదైనా పెట్టించాలా?" వీల్ హౌస్ అంటే చక్రాలున్న ఫిష్ హౌస్: గడ్డకట్టిన సరస్సు మీదికి ట్రక్కుతో లాక్కెళ్లి, లోపల వెచ్చగా కూర్చుని మంచుకి చిల్లు పెట్టి చేపలు పట్టే గది. పోయిన నెలలోనే నా హౌస్ వైరింగ్ మార్చాను. అంతా ఇంకా చేతి మీదే ఉంది కాబట్టి, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకేసారి రాస్తున్నాను.

ముందు వాడకం సంగతి. హౌస్‌లో కరెంటు తినేది లైట్లు కాదు, ఫర్నేస్ (గ్యాస్ హీటర్) వేడిగాలిని తోసే బ్లోవర్. ఫర్నేస్ సైజును బట్టి అది 3 నుంచి 7 ఆంపియర్లు లాగుతుంది. బయట మైనస్ 25 సెల్సియస్ ఉన్న రాత్రి దాదాపు సగం సేపు తిరుగుతూనే ఉంటుంది. లైట్లు, చేపల్ని చూపించే సోనార్, ఫోన్లు కూడా కలుపుకుంటే రోజుకి 70 నుంచి 100 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్). అంటే మామూలు డీప్ సైకిల్ బ్యాటరీ ఒకటి పూర్తిగా ఖాళీ అయినట్టే. చార్జింగ్ ఏ పద్ధతిలో పెట్టుకున్నా, అది ఈ లెక్కకి ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి.

అందరి ట్రక్కులోనూ ముందే ఉన్న దారి, వెనక ట్రెయిలర్‌కి కరెంటు ఇచ్చే సెవెన్ పిన్ ప్లగ్గు. అందులో ఒక పిన్ను ట్రెయిలర్ బ్యాటరీ చార్జింగ్ కోసమే ఉంటుంది. ఖర్చు లేదు, పనీ లేదు, అందుకే చాలామంది దీని మీద నమ్మకం పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నాను. రెండేళ్ల కిందట ఒక స్నేహితుణ్ణి, వాళ్ల ఇద్దరు పిల్లల్ని తీసుకుని అప్పర్ రెడ్ లేక్ వెళ్లాం. బయల్దేరేటప్పుడు బ్యాటరీలు సగమే ఉన్నాయి. నాలుగున్నర గంటల డ్రైవ్ ఉంది కదా, నిండిపోతాయిలే అనుకున్నాను. రాత్రి మూడింటికి ఫర్నేస్ ఆగిపోయింది. వోల్టేజీ పడిపోతే బ్లోవర్ నెమ్మదిస్తుంది, గాలి చాలకపోతే ఆ గాలి తోపుకే మూసుకునే సెయిల్ స్విచ్ మూసుకోదు, అది మూసుకోకపోతే గ్యాస్ వెలగదు. సిలిండర్ నిండా ప్రొపేన్ ఉంది, వేడి మాత్రం లేదు. పిల్లల్ని ట్రక్కులో హీటర్ వేసి కూర్చోబెట్టి, జంపర్ కేబుళ్లతో తెల్లవారేదాకా నెట్టుకొచ్చాం. ఆ భయం నాకు ఇప్పటికీ గుర్తే.

తర్వాత క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే ఆ పిన్ను నుంచి హైవే మీద వస్తున్నది 4 ఆంపియర్లు. నాలుగున్నర గంటలకి 18 ఆంపియర్ అవర్లు. ఒక్క రాత్రికి కూడా చాలదు.

కారణం వైరు. బానెట్ కింద బ్యాటరీ నుంచి హౌస్‌లో బ్యాటరీ దాకా సుమారు 40 అడుగులు, రానూ పోనూ 80. ఇంత పొడవున 12 గేజి వైరులో 10 ఆంపియర్లు పంపితే 1.2 వోల్టుల పైనే వైరులో పోతుంది. అంతకంటే లావైన 10 గేజి అయినా 0.8 పోతుంది (గేజి నంబరు తగ్గేకొద్దీ వైరు లావు). దానికి తోడు ఇప్పటి ట్రక్కుల్లో ఆల్టర్నేటర్‌ని కంప్యూటర్ నడుపుతుంది. ట్రక్కు బ్యాటరీ నిండగానే పెట్రోలు ఆదా కోసం వోల్టేజీని 13.5 దగ్గరికో ఇంకా కిందికో దించేస్తుంది. వెనకాల హౌస్ బ్యాటరీ ఆకలిగా ఉన్న సంగతి దానికి తెలియదు. కొన్ని ట్రక్కుల్లో టో హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వేసేది) వేస్తే వోల్టేజీ కాస్త పెరుగుతుంది, అది మాత్రం తప్పకుండా వేసుకోండి. వైరులో పోయే నష్టం అప్పటికీ అలాగే ఉంటుంది.

రెండో దారి, ఆల్టర్నేటర్ నుంచి లావు కేబుల్ లాగి మధ్యలో ఐసోలేటర్ రిలే పెట్టడం. ఇంజన్ నడిచినప్పుడు కలుపుతుంది, ఆగితే విడదీస్తుంది. పాత ట్రక్కు, లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉన్నవాళ్లకి ఇప్పటికీ పనికొస్తుంది. కొత్త ట్రక్కులో ఆల్టర్నేటర్ దించిన వోల్టేజీనే ఇది మోసుకెళ్తుంది తప్ప పెంచలేదు. లిథియం బ్యాటరీకి దీన్ని నేను సిఫారసు చెయ్యను. లిథియం ఎంత ఇస్తే అంతా తాగేస్తుంది, నిలబడి ఉన్న ట్రక్కులో ఆల్టర్నేటర్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ చల్లబడలేక వేడెక్కిపోతుంది.

మూడోది డీసీ టు డీసీ చార్జర్. ట్రక్కు నుంచి 12.5 వచ్చినా 13.5 వచ్చినా, దాన్ని తీసుకుని బ్యాటరీకి కావాల్సిన వోల్టేజీకి మార్చి పోస్తుంది. 30 ఆంపియర్లది అయితే ట్రక్కు వైపు నుంచి 38 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇది సెవెన్ పిన్ వల్ల కాని పని. 4 గేజి కేబుల్ విడిగా లాగాలి, నెగటివ్‌ని ఛాసిస్ (ట్రక్కు ఇనుప చట్రం) మీద వదిలెయ్యకుండా దానికీ వేరే కేబుల్ వెయ్యాలి, వెనక బంపర్ దగ్గర ఎక్కువ కరెంటుని తట్టుకునే ఆండర్సన్ ప్లగ్గు పెట్టాలి, రెండు చివర్లా బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజులుండాలి. ఇంత చేస్తే అదే నాలుగున్నర గంటల ప్రయాణంలో 130 ఆంపియర్ అవర్ల పైన వస్తుంది. కొత్త కేబుల్ లాగే ఓపిక లేనివాళ్లు 9, 10 ఆంపియర్ల చిన్న చార్జర్‌ని ఉన్న సెవెన్ పిన్ వైరు మీదే పెట్టుకోవచ్చు. 40 ఆంపియర్ అవర్ల దాకా వస్తుంది. 18 కంటే రెట్టింపు పైనే కదా, తక్కువ ఖర్చులో మంచి మార్పు.

ఇంతవరకూ చదివి, అయితే 30 ఆంపియర్ల చార్జర్ కొనేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అసలు విషయం ఆంపియర్లు కాదు. ఇంజన్ నడుస్తున్న గంటల్లో బ్యాటరీ ఎంత వెచ్చగా ఉందన్నదే తేలుస్తుంది. దీని గురించి ఎవరూ అడగరు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

లెడ్ యాసిడ్ చలికి ముడుచుకుపోతుంది. మైనస్ 20లో ఇచ్చేదీ సగానికి తగ్గుతుంది, తీసుకునేదీ తగ్గుతుంది. గది వేడిలో 14.4 వోల్టులతో నిండే బ్యాటరీ ఆ చలిలో 15 దరిదాపుల్లో అడుగుతుంది. ఆల్టర్నేటర్ 13.5 ఇస్తూ కూర్చుంటే ఎన్ని గంటలు నడిపినా పైపైన తడవడమే. డీసీ టు డీసీ చార్జర్ కూడా, బ్యాటరీకి అంటించే ఉష్ణోగ్రత సెన్సార్ ఉన్నదైతేనే ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఇంకో సంగతి, పూర్తిగా దిగిపోయిన లెడ్ యాసిడ్ మైనస్ 7, 8 దగ్గరే గడ్డకట్టి పగిలిపోతుంది. నిండుగా ఉన్నది ఇక్కడి చలికి చెక్కు చెదరదు.

లిథియం సంగతి ఇంకా ఖచ్చితం. సున్నా కంటే కింద దాన్ని చార్జ్ చెయ్యకూడదు, చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. మంచి బ్యాటరీ అయితే లోపలి రక్షణ బోర్డు చార్జింగ్‌ని తనే ఆపేస్తుంది. ఇక మన ప్రయాణం చూడండి. హౌస్ రోడ్డు మీద ఉన్నంతసేపు ఫర్నేస్ ఆపేసి ఉంటుంది. లోపలి చలి బయటి చలితో సమానం అవుతూ పోతుంది. ట్రక్కు ఇంజన్ హాయిగా తిరుగుతున్న ఆ గంటల్లోనే బ్యాటరీ తీసుకోలేని స్థితిలో ఉంటుంది. బ్యాటరీ ముందు టంగ్ (ట్రక్కుకి తగిలించే కడ్డీ) మీద పెట్టెలో ఉంటే మరీ అన్యాయం, చలిగాలి నేరుగా దానికే కొడుతుంది. హీటర్ ప్యాడ్ ఉన్న లిథియం కొన్నా, ముందు గంటో గంటన్నరో వేడెక్కడానికే కరెంటు పోతుంది. సెవెన్ పిన్ నుంచి వచ్చే ఆ నాలుగైదు ఆంపియర్లు ఆ ప్యాడ్‌కే సరిపోతాయి, లోపలికి ఒక్క చుక్క చేరదు.

అందుకే నేను చార్జర్ కంటే ముందు బ్యాటరీ చోటు మార్చాను. రెండు 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలు పడుకునే బంకు కింద, అన్ని వైపులా 2 అంగుళాల ఫోమ్ వేసిన పెట్టెలో ఉన్నాయి. బయల్దేరే ముందు రాత్రంతా ఇంటి కరెంటుతో చార్జింగూ, హౌస్‌లో హీటరూ పెడతాను. బ్యాటరీ 15 డిగ్రీల దగ్గర మొదలైతే, అంత బరువున్న వస్తువు ఫోమ్ పెట్టెలో కొన్ని గంటలపాటు వేడి నిలుపుకుంటుంది. తిరుగు ప్రయాణంలోనూ అంతే, సరస్సు మీద మూడు రోజులు వెచ్చగా ఉన్న బ్యాటరీ కాబట్టి దారిలో నిండుతూ వస్తుంది. ఒకే ట్రిప్పులో రెండు సరస్సులు తిరిగేవాళ్లకి ఇది పెద్ద లాభం. వెళ్లేటప్పుడు ఎలాగూ ఇంటి దగ్గర నింపుకుని బయల్దేరతాం కాబట్టి, ట్రక్కు చార్జింగ్ విలువ తెలిసేది రెండో రోజు నుంచే.

రెండో రోజు అనగానే అందరూ అడిగేది, మంచు మీద ట్రక్కుని హౌస్‌కి తగిలించి ఇంజన్ నడుపుతూ ఉంచొచ్చా అని. విద్యుత్తు పరంగా చూస్తే బాగుంటుంది. హౌస్ వెచ్చగా ఉంది, బ్యాటరీ తీసుకోవడానికి సిద్ధంగా ఉంది, రెండు గంటల్లో 60 ఆంపియర్ అవర్లు వస్తాయి. కానీ మిన్నెసోటా డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) సలహా గుర్తు చేసుకోండి: బండ్లని ఒకదానికొకటి కనీసం 50 అడుగుల దూరంలో నిలపాలి, రెండు గంటలకోసారి చోటు మార్చాలి. ఒకేచోట నిలిచిన బరువుకి మంచు కొద్దికొద్దిగా కుంగుతుంది. చార్జింగ్ కేబుల్ మాత్రం ట్రక్కుని హౌస్ పక్కనే కట్టేస్తుంది. వీల్ హౌస్‌తో సహా భారీ ట్రక్కుకి డీఎన్ఆర్ చెప్పే మందం 20 అంగుళాలు, ఆ పైన. ఫిబ్రవరిలో అంతకి మించి గట్టి మంచు ఉన్నప్పుడు నేను ఒక గంట పెడతాను. డిసెంబర్‌లో పెట్టను. నడిపేటప్పుడు ట్రక్కు పొగ గొట్టం గాలివాలుకి హౌస్ నుంచి అవతలి వైపు ఉండాలి, లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తూ ఉండాలి.

అలా చూస్తే, ఒకేచోట రెండు రాత్రులకి మించి ఉండేవాళ్లకి జనరేటర్‌ని మించింది లేదు. నాకు డీసీ టు డీసీ అంటే ఎంత ఇష్టమున్నా ఇది ఒప్పుకోవాలి. 2,200 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్, హౌస్‌లో బ్యాటరీల్ని చార్జ్ చేసే 55 ఆంపియర్ల కన్వర్టర్‌ని తేలిగ్గా నడుపుతుంది. గంటకి తాగే పెట్రోలు గాలన్‌లో ఐదో వంతు కూడా ఉండదు. పెద్ద ట్రక్కు ఊరికే నిలబడి గంటకి అర గాలన్ తాగుతుంది, పైగా ఇచ్చేది తక్కువ. చిక్కల్లా చలిలో స్టార్ట్ కావడం, ఇంజన్ లోపలి ఆవిరిని వదిలే క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టంలో తేమ గడ్డకట్టడం. గాలి తగలకుండా పెట్టె చేసి పెట్టుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. రేటు మాత్రం మంచి కంపెనీది వెయ్యి డాలర్ల పైమాటే. డీసీ టు డీసీకి చార్జరూ కేబుళ్లూ ప్లగ్గులూ అన్నీ కలిపినా అందులో సగం లోపే.

సోలార్ గురించి కూడా అడుగుతున్నారు. డిసెంబర్‌లో ఇక్కడ పగలే తొమ్మిది గంటలు లేదు, సూర్యుడు చెట్ల మీద నుంచి పైకి రాడు, ప్యానెల్ మీద మంచు. ఎండాకాలం క్యాంపింగ్‌కి పెట్టుకోండి. పోర్టబుల్ పవర్ స్టేషన్ (చేత్తో మోసుకెళ్లే బ్యాటరీ పెట్టె) ఫోన్లకీ సోనార్‌కీ బాగుంటుంది, అంతే. బ్లోవర్ లేని, కరెంటు అక్కర్లేని డైరెక్ట్ వెంట్ హీటర్ ఉన్నవాళ్లకి అసలు ఈ చర్చతోనే పనిలేదు, సెవెన్ పిన్ చాలు.

మిల్ లాక్స్ సరస్సుకి వెళ్లేది ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) నుంచి రెండు గంటల దారి. ఒక రాత్రి ఉండి వచ్చేవాళ్లకి నేను కొత్త వైరింగ్ ఏదీ చెప్పను, ఇంట్లో నిండుగా చార్జ్ చేసుకుని వెళ్లమంటాను. అప్పర్ రెడ్, లేక్ ఆఫ్ ది వుడ్స్ లాంటి దూరాలు వెళ్తూ, మధ్యలో చోట్లు మారుస్తూ, వాలై చేపలు ఎక్కడుంటే అక్కడికి తిరిగేవాళ్లు మాత్రం 30 ఆంపియర్ల డీసీ టు డీసీ పెట్టించుకుని, బ్యాటరీని లోపలికి మార్చుకోండి. రెండూ కలిపి చెయ్యండి. నా దగ్గర ఇప్పుడున్నది అదే. జనరేటర్‌ని నాలుగు రోజుల ట్రిప్పులకే మోసుకెళ్తున్నాను.

ఏ దారి ఎంచుకున్నా ముందు మల్టీమీటర్ తీసుకుని సెవెన్ పిన్‌లో చార్జింగ్ పిన్నుని రెండుసార్లు చూడండి, ఇంజన్ నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆపాక ఒకసారి. కొన్ని ట్రక్కుల్లో ఆ పిన్నుకి ఫ్యూజే వేసి ఉండదు, ఏళ్ల తరబడి చార్జ్ అవుతోందనుకుంటూ తిరుగుతారు. ఇంకొన్నింటిలో ఇంజన్ ఆపినా పిన్నులో కరెంటు ఉంటుంది. అలాంటి ట్రక్కుని రాత్రి ప్లగ్గు తియ్యకుండా వదిలేస్తే హౌస్ ఫర్నేస్ ట్రక్కు బ్యాటరీని తాగేస్తుంది, పొద్దున మైనస్ 30లో ట్రక్కు స్టార్ట్ కాదు. ఇక కొత్త కేబుల్ లాగేవాళ్లు మామూలు ప్లాస్టిక్ తొడుగున్నది కొనకండి, చలికి కర్రలా బిగుసుకుపోయి వంచితే పగులుతుంది. రబ్బరు తొడుగున్న వెల్డింగ్ కేబుల్ మైనస్ 50 దాకా మెత్తగానే ఉంటుంది. ప్లగ్గు పిన్నులకి డైఎలెక్ట్రిక్ గ్రీజు రాసి, వాడనప్పుడు మూత పెట్టండి. రోడ్డు మీద చల్లే ఉప్పు ఒక్క సీజన్‌లోనే ఆ పిన్నుల్ని తినేస్తుంది.